నీరు తిన్న ఇంజను

పులుసు కూరను సిల్వరు గిన్నెలో రాత్రంతయు ఉంచరాదని మన యిండ్లలో పెద్దలు చెప్పుదురు. పేరు సిల్వరేగాని ఆ గిన్నె అల్యూమినియముది. పులుపు, ఉప్పు కలిసి దానిని కొంచెము కొంచెముగా తినివేయును. కొన్నాళ్లకు గిన్నె అడుగున సూదిబెజ్జములవంటి గుంటలు పడును. వంటింట ఇంత జాగ్రత్త నేర్చిన మేము, పెరటిలోనున్న కారు విషయమున ఆ మాట మరచితిమి. దాని ఫలితమే నేటి మా ప్రసంగము.

మా యింట 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఒకటి కలదు. 2009లో మా తండ్రిగారు గతించిన పిదప దానిని నడుపువారు లేకపోయిరి. అమ్ముటకు మా తల్లిగారు సమ్మతింపలేదు. పెరటి పాకలోనికి తోసి, పైన గుడ్డ కప్పితిమి. ఏటేట దసరాకు దుమ్ము దులిపి, పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టుచుంటిమి. కాని 12 ఏండ్లలో ఒక్కనాడైనను రేడియేటరులోని నీటిని పారబోయవలెనని మాలో ఎవ్వరికిని తోచలేదు. ఆ నీరు మా పెరటి బోరు నీరు.

2021లో పాక పడగొట్టవలసి వచ్చినది. పాత సామానులు కొనువాడు వచ్చి వెల చెప్పెను. మా తల్లిగారు ఏమియు అనలేదు. భోజనము మాత్రము సరిగా చేయలేదు. అప్పుడు విజయవాడ ఆటోనగరునుండి, మా తండ్రిగారి కాలమున ఈ కారును బాగుచేయుచుండిన మేస్త్రిగారిని పిలిపించితిమి. ఆయన చుట్టు తిరిగి చూచి ఇట్లనెను: “బాబుగారూ, ఇది తిరిగి అరిగిపోయిన బండి కాదు, నిలబడి పాడైన బండి. ముందు హెడ్డు విప్పి చూద్దాం. పనికిరాకపోతే ఆ మాట నేనే చెప్తాను.”

పిస్టనులాడు సిలిండర్లకు పైమూతవంటిది హెడ్డు. పెట్రోలు మండు గదులు, వాల్వులు, వేడిని తీసికొనిపోవు నీటిదారులు అందే యుండును. పద్మిని ఇంజను 1089 ఘన సెంటీమీటర్లది. దాని దిమ్మ పోత ఇనుము, హెడ్డు అల్యూమినియము. అల్యూమినియము ఇనుములో మూడవవంతు బరువు మాత్రమే యుండును. వేడిని త్వరగా దాటించును. గాలి తగిలినంతనే దానిపై పలుచని పొర యేర్పడి లోహమును కాపాడును. అయితే నీరు మిక్కిలి పుల్లనైనను, మిక్కిలి చవుడైనను ఆ పొర నిలువదు. ఉప్పునీరు దానిని అక్కడక్కడ ఛేదించి గుంటలు త్రవ్వును. పైగా ఒకే నీటిలో ఇనుము, రాగి, అల్యూమినియము కలిసియున్నచో అది బ్యాటరీవలె పనిచేయును. ఆ మూటిలో కరిగిపోవునది అల్యూమినియమే. దీనిని నివారించు మందులు కూలెంటులో కలవు. అవియు ఏండ్లు గడచినకొలది శక్తి కోల్పోవును. మా కారులో అసలు కూలెంటే లేదు.

మేస్త్రిగారు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో నూనె పోసి మూడు దినములు నానబెట్టిరి. అటుపిమ్మట ఇంజను చేతితో తిరిగినది. నట్లన్నియు ఊడినవి, కాని హెడ్డు కదలలేదు. ఉక్కు స్టడ్లకును అల్యూమినియమునకును నడుమ తెల్లని తుప్పు పేరుకొని రెంటిని పట్టి బిగించినది. మా తమ్ముడు ఉలియు సుత్తియు తెచ్చి సందులో దూర్చబోయెను. మేస్త్రిగారు చేయిపట్టి ఆపిరి. గ్యాస్కెట్టు కూర్చుండు ముఖముపై ఒక్క గీత పడినను రేపు అక్కడనే కారునట. నాలుగు దినములు స్టడ్ల మొదట నూనె పోసి కొయ్య సుత్తితో మెల్లగా తట్టిరి. వాల్వులన్నియు మూసికొనియుండునట్లు రాకర్లు తీసివేసి, ప్లగ్గు రంధ్రముగుండ సిలిండరులోనికి నూలు త్రాడు కూరిరి. ఇంజనును చేతితో త్రిప్పగా పిస్టను పైకివచ్చి త్రాడును, త్రాడు హెడ్డును నెట్టినవి. కిర్రుమని అది లేచినది.

లోపల చూచి మేము మాటలు రాక నిలుచుంటిమి. నీటిదారులలో సున్నమువంటి పొడి. రంధ్రముల అంచులు ఎలుకలు కొరికినట్లుండెను. రెండవ మూడవ సిలిండర్ల నడుమ ఒక గుంట 3 మిల్లీమీటర్ల లోతున గ్యాస్కెట్టు వలయము క్రిందికి ప్రాకినది. కాస్టిక్ సోడాలో వేసి తోముదమని మేమంటిమి. కాస్టిక్ సోడా అల్యూమినియమునే కరగించివేయునని మేస్త్రిగారు వారించి, సబ్బునీటితోను మెత్తని బ్రష్షుతోను కడిగించిరి. లప్పము పెట్టి పూడ్చుటకును వారు ఒప్పుకొనలేదు. మంట తగులుచోట లప్పము నిలువదనిరి.

ఎఱ్ఱరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లిరి. బీటలున్నచో ఎఱుపు పైకి ఊరవలెను, ఊరలేదు. వాల్వుల నడుమ బీటలుండినను, గోడలు పలుచబడినను అక్కడనే విడిచిపెట్టెడివారట. ఆ పిమ్మట ఆటోనగరులో వెల్డింగు పని. పుచ్చిన లోహము నంతను మెఱయువరకు చెక్కివేయవలెను. అల్యూమినియము 660 డిగ్రీల వద్ద కరగును. దానిపై పొర 2000 డిగ్రీలు దాటిననుగాని కరగదు. కాబట్టి ఆర్గాన్ వాయువు నీడలో ఏ.సి. విద్యుత్తుతో ఆ పొరను చెదరగొట్టుచు అతుకవలెను. హెడ్డును ముందుగా 150 డిగ్రీలకు కాచి, సిలికాను కలిసిన కడ్డీతో గుంటలు నింపి, మెల్లగా చల్లార్చిరి. పిదప మిల్లింగు యంత్రముపై ముఖము చదును చేసిరి. ఎక్కువ చెక్కినచో కంప్రెషను పెరిగి ఇంజను కొట్టుకొనును. అందుచేత కావలసినంతయే చెక్కిరి. ఉక్కు బద్ద ఆనించి చూడగా 0.05 మిల్లీమీటరు రేకు ఎక్కడను దూరలేదు.

అంతటితో పని ముగిసినదనుకొంటిమి. నీటిదారులన్నియు పలకలతో మూసి, లోనికి గాలి పట్టించి, వేడినీటి తొట్టిలో ముంచిరి. ఒక మూలనుండి సన్నని బుడగలు వరుసగా లేచినవి. అందరమును మౌనము వహించితిమి. పారవేయమందురేమోనని భయపడితిమి. మేస్త్రిగారు సుద్దముక్కతో ఆ చోట గుర్తుపెట్టి, “ఇక్కడ పుచ్చు మిగిలింది. తప్పు నాది, మళ్లీ చెక్కాలి” అనిరి. చెక్కి, అతికి, చదును చేసి, మరల ముంచిరి. గడియారము చూచుచు పావుగంట నిలుచుంటిమి. ఒక్క బుడగయు రాలేదు.

క్రొత్త గ్యాస్కెట్టు వేసి, నట్లను నడిమినుండి అంచులకు, మూడు విడతలుగా, కొలతప్రకారము బిగించిరి. రేడియేటరు కడిగి, డిస్టిల్డు వాటరును కూలెంటును సమపాళ్లలో పోసిరి. తక్కిన పనులన్నియు ముగిసి, ఇంజను పలికిన దినమున మా తల్లిగారు వెనుక సీటులో, తమ పాత చోటనే కూర్చుండిరి.

అయిన వ్యయము పాత సామానులవాడు చెప్పిన వెలకంటె ఎక్కువే. లెక్క చూచినచో ఇది లాభము కాదు. అయినను మీ యింటనో, బంధువులయింటనో నిలిచిపోయిన కారు ఉన్నచో, పైగుడ్డ సవరించుటకు ముందు రేడియేటరు మూత తీసి చూడుడు. ఇంజను చల్లగా ఉన్నప్పుడే తీయవలెను సుమా. నీరు తుప్పురంగున ఉన్నచో పారబోసి, తగిన కూలెంటు నింపి, తయారుచేసినవారు చెప్పిన గడువుకు మార్చుచుండుడు. మేము పన్నెండేండ్లు కారుకు బొట్టు పెట్టితిమి, దాని కడుపులో ఏమున్నదో చూడలేదు. ఇప్పుడు మా యింట దసరాకు ముందుగా కూలెంటు పరీక్షింతుము. కుంకుమ ఆ పిమ్మటనే.