పాలు చాలడం లేదని బెంగా?

చెల్లెళ్ళారా, బాలింతను చూడబోయిన పెద్దవాళ్ళు మొట్టమొదట అడిగే మాట "ఏమ్మా, పాలు పడ్డాయా?" అని. "ఏమో పిన్నిగారూ, చాలుతున్నట్టు లేదు" అంటుంది ఆ పిల్ల. ఇంకేం, సాయంత్రానికల్లా పాలడబ్బా, సీసా ఇంట్లోకి వచ్చేస్తాయి. నిజంగా పాలు చాలని తల్లులు లేకపోలేదు గాని, చాలా కొద్దిమంది.

మొదటి రెండు మూడు రోజులు వచ్చేవి ముర్రుపాలు. చిక్కగా, పసుపుపచ్చగా, కొంచెంగానే వస్తాయి. పుట్టిన రోజున బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది కూడా ఇంచుమించు చెంచాడే! గేదె ఈనితే జున్నుపాల కోసం గిన్నె పట్టుకుని కాచుకుంటాం. కన్నతల్లి ముర్రుపాలను మాత్రం మంచివి కావని పిండి పారబోయించే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. రోగాలకు అడ్డుపడే పదార్థాలు వాటిలోనే మెండు. కాన్పయిన గంటలోపే బిడ్డను రొమ్ముకు పట్టించాలి. ఆపరేషనైన తల్లి కూడా, పక్కన ఒకరు సాయముంటే, ఇవ్వగలదు. పంచదార నీళ్ళు, తేనె వద్దు. ఏడాది నిండని బిడ్డకు తేనె ప్రమాదం కూడానూ.

బావిలో నీరు తోడినకొద్దీ ఊరినట్టు, బిడ్డ చీకినకొద్దీ పాలు ఊరతాయి. చీకినప్పుడల్లా తల్లి ఒంట్లో ప్రొలాక్టిన్ అనే హార్మోను పుట్టి పాలు తయారు చేయిస్తుంది. అది రాత్రిపూట ఎక్కువ. కనుక రాత్రి పాలు మానిపించకండి. ఆక్సిటోసిన్ అనే మరో హార్మోను వల్ల పాలు చేపుకొస్తాయి. నొప్పి, బెంగ, పక్కనుంచి దెప్పిపొడుపులు ఉంటే ఆ చేపు ఆలస్యమవుతుంది. (అత్తగార్లు కూడా వింటున్నారనుకుంటాను!) ఈ ఆక్సిటోసినే గర్భసంచిని ముడుచుకునేట్టు చేసి, కాన్పు తర్వాత రక్తస్రావం తగ్గిస్తుంది. బిడ్డ పాలు తాగుతుంటే మొదట్లో పొత్తికడుపు నొప్పి రావడం అందుకే. పాలిచ్చిన తల్లులకు రొమ్ము కాన్సరు, అండాశయ కాన్సరు ముప్పు కూడా తగ్గుతుంది.

ఇప్పుడు డబ్బాపాల సంగతి చూడండి. ఒక పూట సీసా పట్టాం. ఆ పూట బిడ్డ రొమ్ము చీకదు, ఆ మేరకు ఊట తగ్గుతుంది. మర్నాడు రెండు సీసాలు. చాలడం లేదన్న మాట అలా నిజమై కూచుంటుంది. 1992లో మన దేశంలో వచ్చిన చట్టం ఈ డబ్బాల ప్రకటనలను ఊరికే నిషేధించలేదు.

మరి చాలుతున్నాయని తెలిసేదెలా? ఏడుపును బట్టి కాదు, ఏడవడానికి వాళ్ళకు సవాలక్ష కారణాలు. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లయినా బట్టలు తడపాలి. మొదట్లో కాస్త తగ్గిన బరువు రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు రావాలి. అలా కాకపోయినా, బిడ్డ మగతగా పడి ఉండి పాలు పట్టకపోయినా, వెంటనే డాక్టరుకు చూపించండి. చనుమొన ఒక్కటే కాక, చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా చాలావరకు బిడ్డ నోట్లో ఉండాలి. లేకపోతే తల్లికి పుండ్లు, బిడ్డకు ఆకలి.

పత్యం పేరుతో బాలింతకు మంచినీళ్ళు కట్టడి చేయకండి, దాహమైనప్పుడల్లా తాగనివ్వండి. బిడ్డకు మాత్రం ఆరు నెలల దాకా, మండుటెండల్లో అయినా, తల్లిపాలు తప్ప నీళ్ళు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత మెత్తని పప్పన్నం మొదలుపెట్టి, రెండేళ్ళూ, ఆపైనా పాలివ్వవచ్చు.

డాక్టరు చెప్పిన మీదట పోతపాలే పట్టవలసి వస్తే, ఆ తల్లిని ఎవరూ చిన్నబుచ్చవద్దు. సీసా మూలల్లో మురికి దాగుతుంది గనుక మన ఉగ్గుగిన్నే మేలు. పట్టే ముందు ప్రతిసారీ శుభ్రంగా తోమి, నీళ్ళలో మరగబెట్టండి.