గోలు కాచిన తంగరాజు



చిన్న రసములు పండువేళ నూజివీడు తోటలలో కావలివాని బ్రతుకు ఎట్లుండునో ఈ సభలోనివారికి వేరుగ చెప్పనక్కరలేదు. రాత్రియంతయు మేలుకొని అతడు కాచిన కాయలను ఎవ్వరును లెక్కింపరు. తెల్లవారినంతనే, పోయిన కాయలనే లెక్కింతురు. ఫుట్‌బాల్ ఆటలో గోల్‌కీపరు స్థితియు ఇట్టిదే. ఎనిమిది గజముల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు గల గోలునకు అతడొక్కడే కావలి. తక్కిన పదిమంది చేసిన తప్పులు మైదానమున కలిసిపోవును. అతని తప్పు మాత్రము వలలో పడి అందరికిని కనబడును.

శీతల దేశములలో మంచుగడ్డపై ఆడు హాకీ యొకటి కలదు. అందు బంతికి మారుగా గట్టి రబ్బరు బిళ్ల యుండును. కెనడా గోల్‌కీపరు జాక్ ప్లాంట్ 1959 నవంబరు 1న న్యూయార్కులో ఆ బిళ్ల ముఖమునకు తగిలి గాయపడి, కుట్లు వేయించుకొని, ముసుగు ధరించి మరల గోలు ముందు నిలిచెను. ఏ దేశమందైనను ఈ పని సుకుమారులది కాదు.

తెలుగుగడ్డపై పుట్టి ఈ విద్యలో ఆసియాఖండమంతట పేరు పొందినవాడు పీటర్ తంగరాజు. 1935 డిసెంబరు 24న హైదరాబాదు సంస్థానమున జన్మించెను. సికిందరాబాదులోని మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బులలో ఆట నేర్చి, 1953లో సైన్యమున మద్రాసు రెజిమెంటల్ సెంటరున చేరెను. విచిత్రమేమనగా, మొదట అతడు గోలు వేయు సెంటర్ ఫార్వర్డుగా ఆడెడివాడు. ఆరడుగులకు మించిన ఆ నిలువెత్తు మనిషి గోలు ముందరికి మారిన పిమ్మటనే అతని భాగ్యము తెరచుకొన్నది. 1955లోను, 1958లోను ఆ సైనిక జట్టు డ్యూరాండ్ కప్పు గెలుచుకొన్నది. 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్సు జట్లలో అతడు సభ్యుడు.

అయినను అతని పేరు చెప్పినంతనే స్మరణకు వచ్చునది 1962 జకార్తా ఆసియా క్రీడలు. జట్టు శిక్షకులు హైదరాబాదు వాస్తవ్యులగు సయ్యద్ అబ్దుల్ రహీం గారు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. ఆపై తంగరాజు జ్వరపడెను. అతని స్థానమున ప్రద్యుత్ బర్మన్ నిలిచెను. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన సెమీఫైనల్‌లో గోలు కాచినవాడు బర్మనే. ఈ పేరును ఇచ్చట తలచుట న్యాయము. ఫైనల్ ఆడనివాని పేరు జనులు త్వరగా మరతురు.

ఫైనల్‌లో ఎదుట నిలిచినది మరల కొరియాయే. గెలుపు తెచ్చినవానిని కూర్చుండబెట్టి, జ్వరమునుండి లేచినవానిని నిలుపుట సాహసమే. రహీం గారు ఆ సాహసమునకు ఒడిగట్టి తంగరాజును పిలిచిరి. తప్పినచో నింద ఇరువురిదియు నగును.

సెప్టెంబరు 4. ఇజ్రాయేలు, తైవాను క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశమీయకుండుటను భారత ప్రతినిధి సోంధీ ఆక్షేపించుటచే ప్రేక్షకులు మన జట్టుపై మండిపడుచుండిరి. కిక్కిరిసిన స్టేడియమున మనవారిని ప్రోత్సహించినవారు పాకిస్తాన్ హాకీ ఆటగాండ్రు! తలకు కుట్లు పడిన జర్నైల్ సింగు ఫార్వర్డుగా ఆడెను. 17వ నిమిషమున పి. కె. బెనర్జీ, 20వ నిమిషమున జర్నైల్ గోళ్లు వేసిరి. అటుపిమ్మట గంటకు పైగా కాచుటయే పని. 85వ నిమిషమున ఒక బంతి తంగరాజును దాటినది. మిగిలిన అయిదు నిమిషములలో రెండవది దాటలేదు. ఆట 2-1తో ముగిసి స్వర్ణపతకము మనదైనది. 2023 హాంగ్‌చౌ క్రీడల వరకు పురుషుల ఫుట్‌బాల్‌లో భారతదేశమునకు మరల ఆ పతకము రాలేదు. రహీం గారు మరుసటి సంవత్సరము జూన్ 11న క్యాన్సరు వ్యాధితో కన్నుమూసిరి.

తంగరాజు కలకత్తాలోని మహమ్మడన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మూడింటికిని ఆడెను. ఒండొంటికి బద్ధవిరోధులగు ఆ క్లబ్బుల అభిమానులు ఒకే మనిషిని మెచ్చుట అరుదు. 1967లో అర్జున పురస్కారము లభించెను. 1971లో ఆట విరమించి, గోవాలో వాస్కో జట్టునకును, తరువాత బొకారోలో యువకులకును ఆట నేర్పెను. 2008 నవంబరు 24న బొకారోలోనే మరణించెను.