పాత తలుపు చెక్క, పిల్లల చేతి కానుక

(వార్షిక సభలో దాతలను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఏటా ఈ సభలో దాతలకు బజారులో కొన్న షీల్డులు, శాలువాలు ఇచ్చేవాళ్లం. ఈసారి మీకు అందేది గోడకు తగిలించుకునే ఒక చెక్క పలక. మీ విరాళాలతో చదువుకుంటున్న 9వ తరగతి పిల్లలు దాన్ని తయారుచేశారు. కొత్త కలప కొనలేదు. పడగొట్టిన ఇళ్ల తలుపులు, కిటికీ రెక్కలు, పాత పండ్ల పెట్టెలు, వాటితోనే సరిపెట్టాం.

ఈ పని ఎందుకు పెట్టుకున్నామో ముందు చెబుతాం. మన పిల్లలు ఏడాది పొడవునా తీసుకుంటూనే ఉంటారు. పుస్తకాలు, ఫీజు, యూనిఫారం అన్నీ అవసరమే. జకాత్‌లో వారికి హక్కు కూడా ఉంది. అయినా ఎప్పుడూ పుచ్చుకునే వైపే నిలబడే పిల్లవాడికి తల దించుకోవడం అలవాటైపోతుంది. ఇది మేం తరగతి గదిలో రోజూ చూసేదే. ప్రవక్త ముహమ్మద్ (స) కానుకలు స్వీకరించేవారనీ, బదులుగా తామూ ఏదో ఒకటి ఇచ్చేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపిన హదీసు బుఖారీలో ఉంది. ఆ సున్నత్ పాటించే అవకాశం మన పిల్లలకూ దక్కాలనుకున్నాం.

పని నేర్పింది మా విద్యార్థి తండ్రే. ఆయన వడ్రంగి. ఆ అబ్బాయి మాత్రం దరఖాస్తులో తండ్రి వృత్తి దగ్గర ‘వ్యాపారం’ అని రాసేవాడు. శనివారాలు ఆయన రంపం, చిత్రిక, ఉలి పట్టుకుని బడికి వచ్చారు. పిల్లలంతా ‘ఉస్తాద్’ అని పిలిచారు. ఈ ఏడాది దరఖాస్తులో ఆ గడిలో ‘వడ్రంగి’ అని ఉంది. జకరియ్యా అలైహిస్సలాం చేసింది ఈ పనేనని సహీహ్ ముస్లిం చెబుతోంది. మదీనా మస్జిదులో ప్రవక్త (స) మింబర్‌ను చేసిందీ ఒక వడ్రంగే. మన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో ముస్లిం కుటుంబాలు చేసే చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇది చిన్నతనంగా భావించాల్సిన పని కాదు.

పాత కలపకు కొన్ని జాగ్రత్తలు కావాలి. లోపల విరిగిన మేకులుంటాయి కాబట్టి రంపం పెట్టేముందు ప్రతి చెక్క మీదా అయస్కాంతం తిప్పించాం. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు, ఆ దుమ్ము పిల్లలకు హాని. అందుకే రంగు వేసిన చెక్కలను పక్కన పెట్టేశాం. పుచ్చు పట్టినవీ తీసుకోలేదు. మిగిలిన వాటిని 80, 120, 220 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్ది, అవిసె నూనె పట్టించాం. నూనె గుడ్డలు కుప్పగా పడేస్తే వాటంతట అవే అంటుకునే ప్రమాదం ఉంది. వాటిని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలని పిల్లలకు నేర్పాం.

పలక మీద ఆయతులు చెక్కించలేదు. ముక్కలు కోసేటప్పుడు, పలక పాతబడ్డాక అగౌరవం జరగకూడదని మా ఉద్దేశం. బదులుగా ఎనిమిది కోణాల నక్షత్రం ఎంచుకున్నాం. ఒక చతురస్రం మీద అంతే కొలతగల మరో చతురస్రాన్ని 45 డిగ్రీలు తిప్పి పెడితే అది వస్తుంది. మధ్యలో అష్టభుజికి ముదురు టేకు, చుట్టూ ఎనిమిది త్రిభుజాలకు లేత మామిడి చెక్క వాడాం. ఒక్క కోణం తప్పినా చివరి ముక్క కూర్చోదు. పుస్తకంలో కోణాలంటే భయపడే పిల్లలు ఇక్కడ కోణమానిని అడిగి మరీ తీసుకున్నారు.

కొందరు తల్లిదండ్రులు, “చదువుకోమని పంపితే రంపం ఇస్తారా?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. శనివారం రెండు పీరియడ్లే ఈ పనికి కేటాయించాం, పాఠాలేవీ ఆపలేదు. వడ్రంగులు కమ్మని మేం చెప్పడం లేదు. వడ్రంగి కొడుకు తండ్రిని చూసి సిగ్గుపడకూడదని మాత్రం కోరుకుంటున్నాం.

దాతలకు మూడు మనవులు. మీ వీధిలో పాత ఇల్లు పడగొడుతుంటే, తలుపులు పొయ్యిలోకి పోకముందే మాకు కబురు పెట్టండి. ఉస్తాద్ సొంత పనిముట్లతోనే ఈ ఏడాది గడిచింది, బడికంటూ ఒక సెట్టు సమకూర్చండి. మూడవది, ఈ పలకను అటక ఎక్కించకండి. కొన్ని అంచులు సరిగ్గా కలవలేదు, అయినా నలుగురూ చూసేచోట గోడకు తగిలించండి. ఎవరు చేశారని అడిగితే, ‘పేద పిల్లలు’ అనవద్దు. ‘మా బడి పిల్లలు ఇచ్చిన కానుక’ అని చెప్పండి.

అల్లాహ్ మీ దానాన్ని, వారి శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.