కొలతనాడు గట్టు వద్ద మీరుండవలెను

పంచాయతీ సభ్యులారా,

గట్టు తగాదా అన్నదమ్ములను సైతము విడదీయుట మనమెరిగినదే. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చిన భూభారతి చట్టము, భూముల క్రయవిక్రయములలోను భాగపంపకములలోను దస్తావేజుతో సర్వే పటమును జతపరచు పద్ధతిని ఏర్పరచినది. ఇన్ని పటములు గీయుటకు ప్రభుత్వ సర్వేయర్లు మాత్రమే చాలరు. అందుచే 2025 మే నెల మొదలు లైసెన్సు సర్వేయర్ల అభ్యర్థులకు 50 పనిదినముల శిక్షణ ఇప్పింపబడినది.

ఈ పనిలో పొరపాటు స్వల్పమైనను నష్టము స్వల్పము కాదు. 660 అడుగుల పొడవు గల గట్టు ఒక్క అడుగు జరిగినను అర గుంటకు మించిన నేల ఒకరికి పోవును.

యంత్రము కొలత చెప్పును. ఏ హద్దురాయి మొదటి నుండి ఉన్నదో, దేనిని జరిపిరో ఊరివారే చెప్పవలెను. కావున మేము మనవి చేయునది ఇది: కొలతకు ముందే ఇరుపక్కల రైతులకు కబురు చేయుడు. వలసపోయినవారిని, ఒంటరి స్త్రీలను మరువకుడు. పాత టిప్పనుతో సరిచూడుమని సర్వేయరును కోరుడు. సమ్మతింపనివారిచే బలవంతముగా సంతకము చేయింపక, వారి అభ్యంతరమును వ్రాతమూలముగా ఇప్పింపుడు.

అందరి యెదుట జరిగిన కొలతయే రేపటి తగాదాను నేడు ఆపగలదు.