కెల్టిక్ సాహిత్యంలో వసంతం



ఐరోపా ఖండపు పడమటి అంచున ఐరిష్, స్కాటిష్ గేలిక్, మాంక్స్, వెల్ష్, కార్నిష్, బ్రెటన్ అనే ఆరు భాషలున్నాయి. వీటిని కెల్టిక్ భాషలంటారు. 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ సంస్కృతాన్ని గ్రీకు, లాటిన్‌లతో పోల్చి చేసిన ప్రసిద్ధ ప్రసంగంలో కెల్టిక్ ప్రస్తావన కూడా ఉంది. ఆరింటి సాహిత్యాన్నీ ఒక్క ప్రసంగంలో ఇమడ్చలేం కనుక ఈనాడు ఐర్లాండ్‌కే పరిమితమవుదాం. వసంతం అక్కడి పురాణగాథల్లో, కవిత్వంలో, కథలు చెప్పే అలవాటులో ఎలా కనిపిస్తుందో చూద్దాం.

ఐరిష్ సంప్రదాయంలో నవంబరు 1న సావిన్ పండుగతో చలికాలం, ఫిబ్రవరి 1న ఇంబోల్క్‌తో వసంతం, మే 1న బెల్టేన్‌తో వేసవి, ఆగస్టు 1న లూనసాతో కోతల కాలం మొదలవుతాయి. ఇక్కడ మీకొక సందేహం రావాలి. ఫిబ్రవరి మొదటి తేదీన ఐర్లాండ్‌లో వసంతం ఎక్కడుంటుంది? చలిగాలి, వాన, మోడుచెట్లు. పూర్వకాలంలోనైతే దాచుకున్న ధాన్యమూ పశువుల మేతా అడుగంటే రోజులవి. కనిపించే శుభసూచన ఒక్కటే: ఈనబోయే గొర్రెల పొదుగుల్లో పాలు దిగడం. ఇంబోల్క్ అనే పేరును గొర్రెపాలతో ముడిపెట్టి అర్థం చెప్పిన ప్రాచీన నిఘంటువు కూడా ఉంది. అంటే అక్కడ వసంతం కళ్లకు కనపడకముందే మాటల్లో మొదలవుతుంది. ‘వచ్చింది’ అని ముందుగా ఎవరో ఒకరు చెప్పాలి.

ఆ నిఘంటువు పేరు ‘సనస్ కోర్మాక్’. క్రీ.శ. 908లో మరణించిన కోర్మాక్ మాక్ కులెన్నాన్ అనే రాజు దీనికి కర్త అని ప్రతీతి. ఆయన బిషప్ కూడా. బ్రిజిడ్ అనేది కవులు ఆరాధించిన దేవత పేరనీ, ఆమె దగ్దా అనే దేవుడి కూతురనీ, అదే పేరుగల ఇద్దరు అక్కచెల్లెళ్లలో ఒకరు వైద్యానికీ మరొకరు కమ్మరి పనికీ అధిదేవతలనీ అందులో రాసి ఉంది. ఐర్లాండ్ క్రైస్తవంలోకి మారాక అదే పేరుతో కిల్‌డేర్ మఠానికి చెందిన సెయింట్ బ్రిజిడ్ ప్రసిద్ధురాలైంది. ఆమె పండుగ కూడా ఫిబ్రవరి 1నే. మఠానికి తన దుప్పటి కప్పినంత నేల చాలని రాజును అడిగితే, ఆ దుప్పటి మైదానమంతా పరచుకుందని జనం చెప్పుకునే కథ. పండుగ ముందురోజు రాత్రి రెల్లు వంటి గడ్డితో శిలువలు అల్లి ఇంట్లో కట్టడం నేటికీ ఆచారం. ఐర్లాండ్ జాతీయ టెలివిజన్ 1961లో మొదలైనప్పుడు తన చిహ్నంగా ఈ శిలువనే ఎంచుకుంది. 2023 నుంచి ఈ పండుగకు అక్కడ ప్రభుత్వ సెలవు కూడా ఉంది.

దేవతే సెయింట్‌గా మారిందా? చాలామంది అలాగే అంటారు. కాని మన చేతిలో ఉన్న సాక్ష్యం కొద్దిపాటిదే. ప్రాచీన ఐరిష్ గాథలను కాగితం మీదికి, సరిగా చెప్పాలంటే తోలు మీదికి, ఎక్కించినవారు క్రైస్తవ సన్యాసులు. ఈనాడు ఇంటర్నెట్‌లో దొరికే ‘ప్రాచీన డ్రూయిడ్ వసంత మంత్రాల’లో చాలావరకు ఇటీవలి కల్పనలే. వాటికంటే అసలు గాథలే బాగుంటాయి.

ఉదాహరణకు ఫిన్ మాక్ కూల్ బాల్యగాథ. చిన్ననాటి పేరు దెమ్నె. కవిత్వం నేర్చుకోవడానికి బోయిన్ నది ఒడ్డున ఉండే ఫినెగస్ అనే కవి దగ్గర చేరాడు. ఆ కవి ఏడేళ్లుగా ఒక సాల్మన్ చేప కోసం కాచుకుని ఉన్నాడు. దాన్ని తిన్నవాడికి సమస్త జ్ఞానమూ వస్తుందట. చేప దొరికింది. ‘వండు, కాని తినవద్దు’ అని శిష్యుడికి అప్పగించాడు. వండుతుంటే బొటనవేలు కాలి, నోట్లో పెట్టుకున్నాడు కుర్రాడు. అంతే, జ్ఞానం అతడిదైంది! గురువు కోపించలేదు. ‘నీ పేరు ఇకమీదట ఫిన్, చేప నీకే రాసి ఉంది’ అని మొత్తం తినమన్నాడు. ఏడేళ్లు కాచుకున్న మనిషి ఆ మాట అనగలగడం నాకు చేపకంటే గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఫిన్ తన విద్యను రుజువు చేసుకోవాలి. యుద్ధం చేశాడా? లేదు. మే నెల మొదటి రోజు మీద, అంటే వసంతం వేసవికి చోటిచ్చే రోజు మీద, కవిత చెప్పాడు. అందులో రాజస్తుతి లేదు, వీరాలాపం లేదు. పాడే పక్షులు, పువ్వుల బరువు మోసుకెళ్లే తేనెటీగలు, సన్నబడే వాగు, నీటికి పరుగెత్తే పశువులు ఉన్నాయి. పాదాలు చిన్నవి, అనుప్రాసతో చకచకా నడుస్తాయి. అందులో వచ్చే ‘కుకూ’ పక్షిని మనం కోకిల అని అనువదిస్తాం గాని అది మన కోయిల కాదు, దానికి చుట్టం. సర్వజ్ఞానం పొందినవాడు మొదట చేసిన పని చుట్టూ ఉన్నదాన్ని సరిగా చూడడం, వినడం!

ఐరిష్ కవులు ‘ఫిలీ’లకు ఏడు అంతస్తులుండేవి. అత్యున్నతుడైన ‘ఒల్లవ్’కు 350 కథలు కంఠస్థం కావాలని పాత గ్రంథాలు చెబుతాయి. ఫోర్గల్ అనే కవి మోంగాన్ రాజుకు సావిన్ నుంచి బెల్టేన్ దాకా ప్రతి రాత్రీ ఒక కథ చెప్పాడని ఒక గాథ. చలి మొదలైన రాత్రి నుంచి వసంతం ముగిసేదాకా అన్నమాట. ఆపైన పొలాల పని, పగటి పొడుగు.

తరువాతి కాలపు కవి ఆంథొనీ రాఫ్టరీ (1779-1835) మాయో ప్రాంతంవాడు. చిన్నప్పుడే మశూచితో చూపు పోయింది. వసంతం రాగానే, బ్రిజిడ్ పండుగ దాటగానే స్వస్థలానికి బయలుదేరతానని ఆయన చెప్పిన పాటను ఐర్లాండ్‌లో తరతరాల బడిపిల్లలు నేర్చుకున్నారు. కళ్లులేని కవి వసంతం! ఆయన పాటలను సేకరించి 1903లో ప్రచురించిన డగ్లస్ హైడ్ 1938లో ఆ దేశపు మొదటి అధ్యక్షుడయ్యాడు. అదే సాహిత్య పునరుజ్జీవనంలో పాల్గొన్న కవి జేమ్స్ కజిన్స్, కెల్టిక్ గాథలతో నాటకాలు రాసినవాడు, 1915లో భారతదేశానికి వచ్చి మన మదనపల్లె కళాశాలలో పనిచేశాడు. 1919లో రవీంద్రుడు ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించింది అక్కడే.

ఇంత ఆత్రంగా సేకరించడం ఎందుకు? 1845 నుంచి 1852 వరకు వచ్చిన మహాక్షామంలో సుమారు పది లక్షలమంది చనిపోయారు, మరో పది లక్షలమంది వలసపోయారు. ఐరిష్ మాట్లాడే పేదపల్లెలే ఎక్కువగా దెబ్బతిన్నాయి. వినేవారు లేకపోతే కథ ఏమవుతుంది? కెర్రీ ప్రాంతపు షాన్ ఓ కొనాల్ (1853-1931) చదువు రాని రైతు, గొప్ప కథకుడు. శ్రోతలు కరువై, కథలు మరచిపోతానేమోనని పశువులు కాస్తూ రాతిగోడకు కథ చెప్పేవాడట, చేతులు తిప్పుతూ, గొంతు మారుస్తూ. సంత నుంచి తిరిగివస్తూ ముందు పోతున్న తన బండికి చెప్పేవాడట. ఆయన దగ్గర విని రాసుకున్న షేమస్ డెలార్జీ తరువాత 1935లో ఏర్పడిన ఐరిష్ జానపద సంఘానికి సారథి అయ్యాడు.

ఆ సంఘం 1937లో బడిపిల్లల సాయం కోరింది. 1939 దాకా దాదాపు 5,000 పాఠశాలల్లో సుమారు 50,000 మంది పిల్లలు తాతలను, అవ్వలను, ఇరుగుపొరుగువారిని అడిగి తెలుసుకున్న సంగతులు నోటుపుస్తకాల్లో రాశారు. అన్నీ కలిపి సుమారు 7,40,000 పుటలు. అవి ఈనాడు ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చు. గుండ్రటి చేతివ్రాతలో, బ్రిజిడ్ శిలువకు గడ్డి ఎలా అల్లాలో, ఆ రాత్రి ఇంట్లో ఏం చేస్తారో. కింద చాలాచోట్ల చెప్పిన పెద్దల పేరూ, ఊరి పేరూ.