సూది మందు ఎందాక కాపాడుతుంది?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు సైన్సు చెప్పుకునే పంతులును. తెలుగులో ఎక్కడైనా తడబడితే మన్నించండి. మా ఇంట్లో జరిగిన సంగతితోనే మొదలుపెడతాను.

2021 ఏప్రిల్ 1 నుండి 45 ఏళ్ళు నిండినవారందరికీ కరోనా సూది వేయడం మొదలైంది. మా బడే భాయ్‌కి అప్పటికి 56 ఏళ్ళు, షుగరు కూడా ఉండేది. పోదాం రమ్మంటే, "రంజాన్ వస్తోంది కదరా, రోజాలు కానీ, పండగ అయినాక చూద్దాం" అన్నాడు. సూది వేయించుకుంటే రోజా పోదని ఆ ఏడు ఎందరో ముఫ్తీలు చెప్పినారు. ఆ మాట నాకు తెలుసు. అయినా పెద్దవాడని గట్టిగా చెప్పలేకపోయాను. పండగ నాటికి ఆయన ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. పండగైన ఆరో రోజు జనాజా.

నేను ఆ ఏడే జూలైలో ఒకటి, అక్టోబరులో ఒకటి సూది వేయించుకున్నాను. 2022 జనవరిలో ఒమిక్రాన్ నాకూ వచ్చింది. మూడు రోజులు జ్వరం, వారం రోజులు దగ్గు, అంతటితో పోయింది. అప్పుడు మా భాభీ ఒక మాట అడిగింది: "మీ అన్నకు సూది వేయించలేదని అందరూ నన్ను అంటిరి. రెండు వేసుకున్న నీకూ వచ్చింది గదా! మరి ఆ సూది చేసిందేమి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం చదివినదే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

గండికోట చూడనివారు మనలో ఉండరు. ఒకవైపు పెన్నా లోయ, మిగతా వైపు గోడ. శత్రువు రావాలంటే దర్వాజా గుండానే రావాలి. మన ఒంటికి ముక్కు, గొంతు దర్వాజా అనుకోండి. ఊపిరితిత్తులు లోపలి మహలు. భుజం కండలో వేసిన మందును చంకలోని గ్రంథులు గుర్తుపట్టి, సిపాయీలను తయారుచేస్తాయి. వాటినే యాంటీబాడీలు అంటారు. అవి ముఖ్యంగా రక్తంలో తిరుగుతాయి. రక్తం నుండి ఊపిరితిత్తుల్లోకి బాగానే చేరుతాయి. ముక్కు లోపలి తేమ పొరలో కాపలా కాసే యాంటీబాడీలు వేరే జాతివి. అవి అక్కడికక్కడే తయారు కావాలి. చేతికి వేసిన సూది వాటిని పెద్దగా పుట్టించలేదు. అంటే మహలుకు కాపలా గట్టిది, దర్వాజా దగ్గర పలచన. సూది వేసిన కొత్తలో రక్తంలో సిపాయీలు ఎక్కువ కాబట్టి కొందరు దర్వాజా దాకా కూడా వస్తారు. కొన్ని నెలలకు వాళ్ళు తగ్గిపోతారు.

ఇది ఊహ కాదు. హైదరాబాదులో భారత్ బయోటెక్ వారు తయారుచేసిన కోవాగ్జిన్‌ను సుమారు 25,800 మంది మీద పరీక్షించి, 2021 నవంబరులో ఫలితాలు ప్రచురించారు. ఏ లక్షణమూ లేకుండా సోకడాన్ని ఆపింది 63.6 శాతం. లక్షణాలున్న జబ్బును ఆపింది 77.8 శాతం. ప్రాణం మీదికి తెచ్చే తీవ్ర జబ్బును ఆపింది 93.4 శాతం. దర్వాజా నుండి లోపలికి పోయేకొద్దీ కాపలా ఎట్లా పెరుగుతోందో చూడండి. ఈ లెక్కలు ఒమిక్రాన్ రాకముందువి. ఒమిక్రాన్ వేషం మార్చుకుని వచ్చేసరికి దర్వాజా కాపలా ఇంకా పలచబడింది. లోపలి కాపలా మాత్రం చాలావరకు నిలిచింది.

"మరి తట్టు సూది అట్లా కాదే" అని మీరు అడగవచ్చు. తట్టు కూడా గాలి గుండా, ముక్కు గుండానే వస్తుంది. కానీ ఒళ్ళంతా పాకాలంటే అది రక్తంలో ప్రయాణం చేయాలి. బయటపడటానికి 10 నుండి 14 రోజులు పడుతుంది. ఆలోగా రక్తంలోని సిపాయీలు పట్టేస్తారు. అందుకే రెండు మోతాదులు వేస్తే నూటికి 97 మందికి రక్షణ. ఫ్లూకు, కరోనాకు అంత ప్రయాణం అక్కర్లేదు. దర్వాజా దగ్గరే సంతానం పెంచుకుని రెండు మూడు రోజుల్లో జబ్బు చేస్తాయి. నిద్రపోతున్న సిపాయీలు లేచి వచ్చేసరికి నాలుగైదు రోజులవుతుంది. ఫ్లూ ఏటేటా వేషం కూడా మారుస్తుంది. మందు దానికి సరిగ్గా కుదిరిన ఏడాది కూడా కాపాడేది 40 నుండి 60 శాతమే. అయినా హజ్ యాత్రికుల క్యాంపుల్లో వయసు పైబడినవారికి ఆ సూది వేస్తారంటే, లోపలి మహలు నిలబడాలనే.

దర్వాజా దగ్గరే కాపలా పెట్టాలని ముక్కులో వేసే చుక్కల మందు కూడా హైదరాబాదులోనే తయారైంది. పేరు ఇన్‌కోవాక్. 2022 సెప్టెంబరులో అనుమతి వచ్చింది, 2023 జనవరి 26న విడుదలైంది. అయితే ఆ అనుమతి యాంటీబాడీల కొలతలు చూసి ఇచ్చినది. జబ్బు ఎందరిలో ఆగిందో లెక్కపెట్టి ఇచ్చినది కాదు. దారి మంచిదే, ఇంకా నడవాలి.

ఇప్పుడు అసలు మాట. "కరోనా సూది వేసుకున్నా వచ్చింది కాబట్టి సూదులన్నీ అంతే" అని మన వీధుల్లో అనుకుంటున్నారు. 2017 ఆగస్టులో బడుల్లో తట్టు-రుబెల్లా సూది వేసిన రోజు, కొందరు తల్లులు పిల్లల్ని మా బడికి పంపనేలేదు. 2022 చివర ముంబైలోని గోవండీలో తట్టు వ్యాపించి, పసిపిల్లలు చనిపోయారు. సోకినవారిలో సూది పడని పిల్లలే ఎక్కువ. వాళ్ళూ మనవంటి ఇళ్ళ పిల్లలే. ఒక సూది మీది కోపం ఇంకో సూది మీద చూపితే నష్టపోయేది పసివాళ్ళు. తొమ్మిది నెలలు నిండినాక ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి, ఈ రెండూ మరవవద్దు.

మా భాభీకి ఆలస్యంగానైనా ఈ జవాబే చెప్పాను: "భాభీ, సూది నా ముక్కు దగ్గర ఓడింది, ఊపిరితిత్తుల దగ్గర గెలిచింది. అన్న ఏప్రిల్‌లో ఒక్క సూది వేసుకుని ఉంటే తప్పక బతికేవాడని నేను చెప్పలేను. అది అల్లాహ్‌కే ఎరుక. ఆ ఒక్క అవకాశమైనా ఆయనకు ఇవ్వలేకపోయాం. తప్పు నీది కాదు, తెలిసీ గట్టిగా చెప్పని నాది." ఆమె ఏమీ అనలేదు. మరుసటి వారం మనవరాలిని ఎత్తుకుని తానే తట్టు సూదికి తీసుకుపోయింది.