మిట్ట భూముల నాగజెముడు – దాని మంచీ, చెడ్డా



వానలు ఎగ్గొట్టిన ఏడు పలమనేరు, పుంగనూరు, మదనపల్లె, కుప్పం ప్రాంతాలలో మొట్టమొదట ఎండేది బీటి కసువు. ఆ తరువాత రాగి గడ్డి వామి తరుగుతుంది. చెనిక్కాయ కట్టె అయిపోతుంది. శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి కొందరికి ఆవును పట్టుకొని సంతకు నడవడం తప్ప దారి కనిపించదు. అటువంటి ఏట సంతలో అమ్మేవారే గాని కొనేవారుండరు. అడిగిన ధరకు ఇచ్చి రావలసిందే. మళ్లీ వానలు పడ్డాక అదే ఈడు ఆవును కొనబోతే, అమ్మిన డబ్బు మూడో వంతుకు కూడా రాదు. పాడి మీద బ్రతికే సంసారానికి ఇంతకన్న పెద్ద దెబ్బ వేరే లేదు.

ఆ ఎండల్లోనే గుట్ట వైపు ఒకసారి చూడండి. అంతా మాడిపోయి ఉన్నా, బండల సందున ఒక్క మొక్క మాత్రం పచ్చగా నిలబడి ఉంటుంది. అదే నాగజెముడు. దానిని చూసి ముల్లు అని పక్కకు తప్పుకొని పోతాము. ఈ పూట దానిని గురించి మూడు సంగతులు మనవి చేస్తాను. అది ఎక్కడ, ఎట్లా బ్రతుకుతుందనేది మొదటిది. కరువులో పశువుకు ఎట్లా పెట్టవచ్చుననేది రెండవది. దానిని ఎక్కడ ఉండనివ్వాలి, ఎక్కడ ఉండనివ్వరాదు అనేది మూడవది.

ముందుగా మొక్కను సరిగా గుర్తుపట్టాలి. జెముడు అనే పేరు మనవాళ్లు చాలా వాటికి వాడతారు. కాడజెముడు, బొంతజెముడు, బ్రహ్మజెముడు అని ఒక్కొక్క ఊళ్లో ఒక్కొక్క పిలుపు. కనుక పేరును నమ్ముకోవద్దు, మొక్కను చూడండి. నాగజెముడుకు పడగ వంటి, అరచేతి మందాన ఉండే పలకలు ఒకదాని మీద ఒకటి పుడతాయి. పసుపు పచ్చని పూలు పూస్తుంది. పండితే ముదురు ఎరుపు కాయలు. మన పొరుగున ఉన్న కన్నడిగులు దీనిని పాపాసుకళ్లి అంటారు, తమిళులు సప్పాత్తికళ్లి అంటారు. రెండు పేర్లలోనూ చెప్పు అనే అర్థమే ఉంది. పలక చెప్పు అట్ట మాదిరి ఉంటుంది గదా! మనం ఆకు అనుకునే ఆ పలక నిజానికి కాండమే. ఈ ప్రసంగంలో దానిని మట్ట అందాము.

ఇక అసలు పరీక్ష. కత్తితో చిన్న గాటు పెట్టండి. తెల్లని పాలు కారితే అది నాగజెముడు కాదు, పాలజెముడు జాతి. దానిని పశువుకు పెట్టరాదు. ఆ పాలు కంట్లో పడితే కన్నుకే ప్రమాదం. వెంటనే మంచినీళ్లతో బాగా కడిగి వైద్యుని దగ్గరకు పోవాలి. నాగజెముడులో పాలుండవు. నీరూ, జిగురూ మాత్రమే ఉంటాయి.

ఇది ఎక్కడ పెరుగుతుంది? మన సీమ సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉన్న మిట్ట. ఎర్ర గరప నేలలు, నల్లరాతి గుట్టలు, వాటి వాలులలో ముళ్ల తుప్పలు. గుట్ట వాలు, బండ అంచు, పాడుపడిన గోడ, బాట పక్క మిట్ట, ఊరి చివర బీడు, పాత పొలం కంచె – ఇవి దాని చోట్లు. మంచి వెలుగు కావాలి, నీరు నిలవని నేల కావాలి. చెరువు లోపల, వరి మడి పక్కన, చిక్కని అడవి నీడలో అది కానరాదు. నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి చస్తుంది. దాని వేళ్లు లోతుకు పోవు. పైపైనే చుట్టూరా పాకుతాయి. అందుచేత దుమ్ము అణిగేపాటి చినుకు పడినా ఆ తడిని పీల్చుకోగలదు.

మరి అంత ఎండలో ఆ నీరు ఆవిరైపోదా? ఇక్కడే దాని యుక్తి ఉంది. తక్కిన పైరులు పగలు ఆకు రంధ్రాలు తెరిచి గాలి పీలుస్తాయి. గాలి లోపలికి వచ్చే దారినే నీరు బయటికి పోతుంది. నాగజెముడు పగలు తలుపులు మూసుకుంటుంది, రాత్రి చల్లబడ్డాక తెరుస్తుంది. రాత్రి పీల్చిన గాలిని పులుపుగా మార్చి మట్టలో దాచుకొని, పగలు ఎండ వచ్చాక దానితో ఆహారం చేసుకుంటుంది. అందువల్ల తెల్లవారుజామున మట్ట పుల్లగా ఉంటుంది, సాయంకాలానికి ఆ పులుపు తగ్గుతుంది. ఈ మాట గుర్తుంచుకోండి, మేతకు కోసేటప్పుడు పనికివస్తుంది.

ఇంతగా మన నేలలో ఇమిడిపోయిన ఈ మొక్క మనది కాదు. దీని పుట్టిల్లు అమెరికా ఖండం. ఐరోపావారు ఓడలకెక్కిన తరువాతే ఇది ఈ దేశానికి వచ్చింది. 1791లో కారన్‌వాలిసు సేన మొగిలి కనుమ ఎక్కి పలమనేరు మీదుగా మైసూరు రాజ్యం పైకి పోయింది. ఆ కాలంలోనే మద్రాసులో జేమ్సు ఆండర్సన్ అనే వైద్యుడు నాగజెముడు తోట వేయించాడు. ఎందుకంటే, ఈ జాతి మొక్కల మీద బ్రతికే కిరమంజి పురుగు నుంచి మంచి ఎర్ర రంగు వస్తుంది. ఆ వ్యాపారం అప్పట్లో స్పెయిను దేశస్థుల గుప్పిట్లో ఉండేది. 1795లో బ్రెజిలు నుంచి ఒక పురుగు బెంగాలుకు వచ్చింది. కాని అది మేలు రకం పురుగు కాదు. రంగు వ్యాపారం సాగలేదు. పైగా ఆ పురుగు ఒక జాతి నాగజెముడును తినివేసింది. 1836 ప్రాంతంలో దానిని దక్షిణానికి తెచ్చి కావాలనే ఆ మొక్క మీద వదిలారు. కలుపును పురుగుతో అణచడంలో లోకంలోనే ఇది మొదటి ప్రయత్నాలలో ఒకటి.

అయితే మన మిట్టల మీది నాగజెముడు వేరే జాతి. దానిని ఆ పురుగు ముట్టలేదు. అది పొలాలకూ, మేత బీళ్లకూ అడ్డమై చెలరేగింది. చివరకు 1926లో సింహళం నుంచి మరొక రకం కిరమంజి పురుగును తెప్పించారు. కొన్ని సంవత్సరాలలోనే దక్షిణాదిలో నాగజెముడు పట్టిన భూములు వేల ఎకరాలు బయటపడినాయి. అదే కాలంలో ఆస్ట్రేలియాలో ఆరు కోట్ల ఎకరాల దాకా ఈ జాతి మొక్కలు ఆక్రమించగా, 1925లో అర్జెంటీనా నుంచి తెచ్చిన ఒక రెక్కల పురుగు వాటిని అణచింది. ఆ పురుగు పేర క్వీన్స్‌లాండు రైతులు 1936లో ఒక సభాభవనమే కట్టుకున్నారు. పురుగు పేర భవనం కట్టారంటే వాళ్లు పడిన బాధ ఎంతటిదో ఊహించుకోండి.

కనుక మన గుట్టల మీద నేడు మిగిలినది, పురుగు తినగా మిగిలిన నాగజెముడు. ఆ పురుగు కూడా చావలేదు. మట్ట మీద దూది అంటించినట్లు తెల్లని ముద్దలు కనిపిస్తే, పుల్లతో నలిపి చూడండి. ముదురు ఎర్రని రసం వస్తుంది. అదే కిరమంజి పురుగు. మల్బరీ పెంచే రైతులూ, టమాటా రైతులూ దీనిని చూసి, పిండినల్లి తమ తోటకు పాకుతుందని భయపడనక్కరలేదు. ఇది నాగజెముడు జాతిని విడిచి మరొక పైరు మీద బ్రతకలేదు. మందు కొట్టవద్దు. అది మనకు కూలి అడగని పనివాడు.

ఇప్పుడు మేత సంగతి. మట్ట నూరు పాళ్లలో 85 నుంచి 90 పాళ్లు నీరే. పది కిలోల మట్టలు తిన్న ఆవు ఎనిమిది తొమ్మిది లీటర్ల నీరు త్రాగినట్లే. కరువులో ఇది చిన్న లాభం కాదు. కాని బలం కలిగించే మాంసకృత్తులు చాలా తక్కువ. పీచు తక్కువ. ఒట్టి నాగజెముడే పెడితే పశువు పారుకుంటుంది, చిక్కిపోతుంది. అంచేత ఇది మేతకు తోడు మాత్రమే, మేతకు మారు కాదు. ఇది మరువరాదు.

పెట్టే విధానం వినండి. సాయంకాలం పూట కోయండి. అప్పటికి పులుపు తగ్గి ఉంటుంది. పొడవాటి కర్ర కొక్కెంతో పట్టి మచ్చుకత్తితో కోయండి. పిల్లలను ఈ పనికి పంపవద్దు. పెద్ద ముళ్లు కనిపిస్తాయి గాని, ప్రతి ముల్లు మొదట్లో కంటికి ఆనని నూగు ముళ్లు కుచ్చుగా ఉంటాయి. అసలు బాధ వాటితోనే. మట్టను ఇనుప పంగలకర్రకు గుచ్చి, సెగ మీద రెండు వైపులా, అంచుల వెంటా తిప్పండి. ముల్లు కాలాలి గాని మట్ట మాడరాదు. గాలి ఎదురుగా నిలబడి కాల్చవద్దు. ఎండిన కసువున్న గుట్ట మీద నిప్పు పెట్టనే వద్దు. మట్టలు ఇంటి దగ్గరకు తెచ్చి, పక్కన నీళ్ల కుండ పెట్టుకొని కాల్చండి. తరువాత పాత గోనెసంచితో రుద్ది, గోనెకు ముల్లు తగులుతున్నదేమో చూడండి. తగిలితే మళ్లీ కాల్చాలి. ముల్లు మిగిలిన మట్ట పెడితే పశువు నాలుక, చిగుళ్లు పుండ్లు పడతాయి. అప్పుడు ఉన్న గడ్డి కూడా తినలేదు.

కాల్చినదానిని రెండంగుళాల ముక్కలు కొట్టి, రాగి గడ్డి గాని వరిగడ్డి గాని చెనిక్కాయ కట్టె గాని కలిపి పెట్టాలి. మొదటి రోజు రెండు కిలోలు చాలు. వారం పది రోజులలో మెల్లగా పెంచండి. మామూలు ఆవుకు రోజుకు 15 కిలోలు దాటించవద్దు. దానితోపాటు ఎండుమేత నాలుగైదు కిలోలకు తగ్గరాదు. మన పుంగనూరు పొట్టి ఆవుకు ఇందులో సగం చాలు. పలమనేరు పశు పరిశోధనా స్థానంలో కాపాడుతున్న ఆ జాతి తక్కువ మేతతో బ్రతకగలదని పేరు. అంతమాత్రాన ముల్లు మేత ఎక్కువ పెట్టవచ్చునని కాదు. గొర్రెకూ, మేకకూ రెండు కిలోల లోపే. చిన్న దూడలకు వద్దు. పిడికెడు చెనిక్కాయ చెక్క గాని, అవిశ, సుబాబుల్ వంటి ఆకు కొంచెం గాని చేరిస్తే బలం లోటు తీరుతుంది. ఖనిజ మిశ్రమం, ఉప్పు మానవద్దు. పేడ పలచబడితే ఆ పూటకు మట్టలు ఆపి ఎండుగడ్డి పెంచండి. అప్పటికీ తగ్గకపోతే పశువైద్యునికి చూపండి. కుళ్లిన మట్ట, పురుగు పట్టి పిప్పి అయిన మట్ట పెట్టవద్దు.

పండ్ల సంగతి ఒక్క మాట. పిల్లలు గుట్టకు పోయి తిని నోరు ఎర్రగా చేసుకొని వస్తారు. తినవచ్చును. కాని పైనున్న నూగు ముళ్లను ఇసుకలో దొర్లించి, కడిగి, తొక్క తీసి తినాలి. గింజలు గట్టివి, ఎక్కువ మింగితే మలబద్ధకం. మరునాడు మూత్రం ఎర్రగా రావచ్చును. అది పండు రంగే, భయపడవద్దు.

ఇక మూడవ సంగతి. దీనిని ఎక్కడ ఉంచాలి? గుట్ట వాలులో, పనికిరాని రాతి నేలలో ఉన్నది ఉండనివ్వండి. అక్కడ మట్టిని పట్టుకొని ఉంటుంది. కాని సాగు భూమి గట్టు మీదికీ, మేత బీడులోకీ దిగనివ్వవద్దు. విరిగిపడిన ఒక్క ముక్క చాలు, వేరు తొడుగుతుంది. పండ్లు తిన్న పక్షులు గింజలను ఊరంతా చల్లుతాయి. కనుక కొత్తగా ముళ్ల జాతిని కంచెకు నాటవద్దు. తీసివేయదలిస్తే వేరుతో సహా పెకలించి, రాతి మీద కుప్పవేసి, పూర్తిగా ఎండనిచ్చి, గాలి లేని వేళ జాగ్రత్తగా కాల్చండి. వంకలో పారవేయవద్దు, ఏరు వస్తే ముక్కలు కింది ఊరి పొలాలకు చేరతాయి. మన ముల్లును పొరుగువానికి పంపినట్లవుతుంది.

ముళ్లులేని నాగజెముడు అని ఒకటి ఉన్నది. జోధ్‌పూర్, ఝాన్సీలలోని కేంద్ర పరిశోధన సంస్థలు దాని మీద పని చేశాయి. 2022 నుంచి కేంద్ర ప్రభుత్వ భూవనరుల శాఖ కూడా బీడు భూములలో దానిని ప్రోత్సహిస్తున్నది. బ్రెజిలు ఈశాన్య మిట్టలలో పాడి పశువులకు అదే పెద్ద మేత. మంచిదే. కాని గ్రామాలలో పనిచేసే వ్యవసాయ, పశుసంవర్ధక సిబ్బందికి ఒక హెచ్చరిక. మన గుట్టల మీద 1926 నుంచి కాపురమున్న ఆ కిరమంజి పురుగు ముళ్లులేని రకాన్ని కూడా తింటుంది. మొరాకోలో 2014 తరువాత ఇదే పురుగు నాగజెముడు తోటలను ఊళ్లకు ఊళ్లే ఊడ్చివేసింది. బ్రెజిలులో పురుగును తట్టుకునే రకాలకు మారవలసి వచ్చింది. కాబట్టి ఎకరాల కొద్దీ నాటించే ముందు, ఊరికి పది మొక్కలు నాటి రెండేండ్లు కనిపెట్టి చూడండి. రకం పురుగును తట్టుకుంటుందా అని తెచ్చిన చోట అడగండి. నాటేటప్పుడు మట్ట కోత గాటును పది రోజులు నీడన ఆరనిచ్చి, నీరు నిలవని మిట్టలో నాటితే కుళ్లదు. గింజలతో పెంచవద్దు; గింజ మొక్కలకు మళ్లీ ముళ్లు రావచ్చును.

రైతు సోదరులారా! వామిలో గడ్డి ఉన్నప్పుడే ఈ పని మొదలుపెట్టండి. మీ ఊరి గుట్ట చుట్టూ ఒక ఉదయం నడచి, నాగజెముడు ఎక్కడెక్కడ ఎంత ఉన్నదో చూసుకోండి. పాలు కారే జాతిని వేరుగా గుర్తు పెట్టుకోండి. నాలుగు మట్టలు కాల్చి, గడ్డితో కలిపి, ఒక పశువుకు అలవాటు చేసి చూడండి. కరువు వచ్చిన నాడు నేర్చుకోబోతే చేతికి ముల్లు, పశువుకు పుండు మిగులుతాయి. ముందే నేర్చుకున్న ఇంట్లో, ఎండుగడ్డి ఇరవై రోజులకు వచ్చేది నెల రోజులకు రావచ్చును. ఆ పది రోజులలో ఒక మంచి వాన పడితే, సంతకు పోవలసిన ఆవు కొట్టంలోనే ఉంటుంది.